తేదీ తప్పిన ప్రతిసారీ పెరిగిన పెత్తనం

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న సందుల్లో నాలుగడుగులు వేస్తే చాలు, గోడల నిండా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే! నిన్నటి బోర్డు నేడుండదు. పాత వెర్షన్ పోయి కొత్తది వచ్చిందంటే సిలబస్ మారిపోతుంది, పిల్లలు కొత్త నోట్సు కొనుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు, ఆ చదువు తీరే అంత. కాని దేవుని సత్యాన్ని కూడా ఇలాగే వెర్షన్ల లెక్కన బోధిస్తే? నిన్న దేవుడే చెప్పాడన్న మాటను నేడు పక్కన పెట్టి, కొత్త మాటను కూడా దేవుడే చెప్పాడంటే? అప్పుడు నష్టపోయేది నోట్సు కాదు, మనిషి జీవితం.

జిల్లాల నుండి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉండే విశ్వాసుల పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న యెహోవాసాక్షులను గురించి. "వాళ్లు మర్యాదగా మాట్లాడతారు, బైబిలు తెరిచి వచనాలు చూపిస్తారు, చందాలడగరు. మరి తేడా ఎక్కడుంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. త్రిత్వాన్ని, ప్రభువైన యేసు దైవత్వాన్ని వారు అంగీకరించరన్నది మనకు తెలిసిన మొదటి జవాబు. అదే అసలైన తేడా, సందేహం లేదు. అయితే వారి చరిత్రలో మరో పాఠముంది. అది వారికే కాదు, మన సంఘాలకు కూడా అవసరమైన పాఠం.

కథ అమెరికాలో మొదలవుతుంది. విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు గ్రంథాన్ని లెక్కలు కట్టి ప్రభువు రాకడ దగ్గరపడిందన్నాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22న రాకడ కోసం ఎదురుచూశారు. ప్రభువు రాలేదు. చరిత్రకారులు దాన్ని 'మహా నిరాశ' అంటారు. ఆ నిరాశలో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయినా, లెక్కలు మాత్రం ఆగలేదు. అలా లెక్కలు వేసినవారిలో నెల్సన్ బార్బర్ ఒకడు. క్రీస్తు 1874లోనే అదృశ్యంగా వచ్చేశాడని ఆయన బోధ. పిట్స్‌బర్గ్ ప్రాంతపు యువ వ్యాపారి ఛార్లెస్ తేజ్ రస్సెల్ 1876లో ఆయన్ను కలిసి ఆ లెక్కను స్వీకరించాడు, 1879లో సొంత పత్రిక ప్రారంభించాడు. అదే నేడు తెలుగులో కూడా వస్తున్న 'కావలికోట'. రస్సెల్ 1912లో మన దేశానికి కూడా వచ్చి వెళ్లాడు. ఆ సంస్థ 1926లో బొంబాయిలో శాఖ తెరిచింది.

1914తో లోకరాజ్యాలన్నీ కూలిపోయి దేవుని రాజ్యం నెలకొంటుందని రస్సెల్ బోధించాడు. ఆ ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది కాని, దేవుని రాజ్యం కళ్లెదుట కనబడలేదు. రస్సెల్ 1916లో రైలు ప్రయాణంలో కన్నుమూశాడు. తర్వాతి కాలంలో లెక్కను సవరించి, క్రీస్తు అదృశ్యంగా వచ్చింది 1874లో కాదు, 1914లోనని తేల్చారు. ఒకప్పుడు అంతానికి గురుతైన సంవత్సరం అలా ఆరంభానికి గురుతయ్యింది!

1917లో నాయకత్వం జె.ఎఫ్. రూథర్‌ఫర్డ్ అనే న్యాయవాది చేతికొచ్చింది. తనను వ్యతిరేకించిన నలుగురు డైరెక్టర్లను ఆ ఏడాదే ఆయన తొలగించాడు. చాలామంది విడిపోయారు. రస్సెల్ బోధనే పట్టుకుని 'బైబిలు విద్యార్థులు' అనే పేరుతో వేరుగా కొనసాగేవారు నేటికీ ఉన్నారు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు 1925లో తిరిగి లేస్తారని రూథర్‌ఫర్డ్ ప్రకటించాడు. 1925 వచ్చి వెళ్లింది. పితరులు మాత్రం రాలేదు. అయినా వారి కోసమంటూ 1929లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో 'బేత్ సారీమ్' అనే భవనం కట్టారు. అందులో నివసించింది రూథర్‌ఫర్డ్. 1948లో దాన్ని అమ్మేశారు. 1931లో యెహోవాసాక్షులు అనే పేరు పెట్టింది కూడా ఆయనే. అంతకుముందు స్థానిక సంఘాలు తమ పెద్దలను తామే ఎన్నుకునేవి. 1932లో ఆ ఎన్నిక ఆగింది, 1938 నుండి నియామకాలన్నీ ప్రధాన కార్యాలయం నుండే!

గమనించారా? తేదీ తప్పింది, కాని పెత్తనం తగ్గలేదు, పెరిగింది. మామూలుగా మాట తప్పినవాడి పరపతి తగ్గాలి. ఇక్కడ తలకిందులయ్యింది. ఎందుకంటే ప్రతి నిరాశ తర్వాత విశ్వాసి ముందు రెండే దారులుంచారు. సంస్థ చెప్పే కొత్త వివరణను నమ్మాలి, లేదా దేవుణ్ణే విడిచిపెట్టినవాడిగా మిగలాలి. సంస్థను ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడంతో సమానమైనప్పుడు ఎవరు నోరు విప్పుతారు?

మత్తయి 24వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన నమ్మకమైన దాసుని ఉపమానాన్ని వారెలా వాడుకున్నారో చూస్తే ఇది మరింత బాగా అర్థమవుతుంది. మొదట్లో ఆ దాసుడు రస్సెలేనని నమ్మారు. 1927లో దాన్ని మార్చి, భూమ్మీదున్న అభిషిక్తులందరూ కలిసి ఆ దాసుడన్నారు. 1976లో సంస్థ పగ్గాలు అధ్యక్షుని చేతి నుండి 'పరిపాలక సభ' అనే చిన్న బృందం చేతికి మారాయి. 2013లో కావలికోట ఆ దాసుడంటే పరిపాలక సభ మాత్రమేనని ప్రకటించింది. అంటే వేలాదిమందికి చెందిందన్న పేరు కొద్దిమంది చేతికి చిక్కింది. తాము దైవావేశం పొందినవారం కామని, పొరబడే అవకాశముందని 2017లో ఆ సభే రాసుకుంది. పొరబడగలిగినవారే అయినా, వారి మాట కాదంటే సంఘంలో చోటుండదు!

ఇక 1975 సంగతి. ఆదాము సృష్టి నుండి ఆరువేల ఏళ్లు ఆ సంవత్సరంతో నిండుతాయని 1966లో వారి పుస్తకమొకటి చెప్పింది. ఆశలు ఆకాశాన్నంటాయి. ఇళ్లు అమ్ముకుని, మిగిలిన కొద్దికాలాన్ని ప్రచారానికి వెచ్చిస్తున్నవారిని 1974లో వారి మాసపత్రిక మెచ్చుకుంది కూడా. 1975 మామూలుగానే ముగిసింది. చాలామంది వెళ్లిపోయారు. ఆ ఆశలు రేకెత్తడంలో ప్రచురణకర్తల పాత్ర కూడా ఉందని 1980లో గాని కావలికోట ఒప్పుకోలేదు. పరిపాలక సభ సభ్యుడైన రేమండ్ ఫ్రాంజ్ అదే ఏడాది ఆ సభను విడిచాడు, 1981లో బహిష్కరణకు గురయ్యాడు. 1914ను చూసిన తరం గతించకముందే కొత్తలోకం వస్తుందన్న వాగ్దానాన్ని వారి 'తేజరిల్లు!' పత్రిక ఏళ్ల తరబడి ప్రతి సంచికలో అచ్చువేసింది. ఆ తరం వృద్ధాప్యంలో కరిగిపోతుండగా 1995లో ఆ వాక్యం మాయమయ్యింది. 2010 నాటికి 'తరం' అంటే ఒకరి జీవితకాలం మరొకరి జీవితకాలంతో కలిసే రెండు గుంపులనే కొత్త అర్థం వచ్చింది.

ఇదంతా వెలుగు క్రమంగా పెరగడమేనని వారు సామెతలు 4:18ని చూపిస్తారు. తెల్లవారి వెలుగు పెరుగుతుంది, నిజమే. కాని పెరిగే వెలుగు వెనక్కి నడవదు కదా! రోమా 13వ అధ్యాయంలోని పై అధికారులంటే ప్రభుత్వాలేనని మొదట చెప్పారు. 1929లో కాదు, దేవుడూ క్రీస్తేనన్నారు. 1962లో మళ్లీ ప్రభుత్వాలేనన్నారు. దీన్ని వెలుగు పెరగడమనరు, దీపం ఆర్పి వెలిగించడమంటారు.

'పోనీలెండి, ఎవరి నమ్మకం వారిది' అనుకోవచ్చు. అందుకే అమీర్‌పేట నుండి మెట్రోలో ఒక్క స్టేషను ముందుకు, పంజాగుట్టకు రమ్మంటాం. అక్కడి నిమ్స్ ఆసుపత్రి దగ్గర కాసేపు నిలబడండి. రక్తదాతల కోసం ఫోన్లు చేస్తూ తిరిగే బంధువులు, కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసే రోగులు కనిపిస్తారు. ఇప్పుడు ఈ తేదీలు చదవండి. 1920, 30లలో వారి పత్రికలు టీకాలను దుయ్యబట్టాయి, 1952లో అది ఎవరి మనస్సాక్షికి వారే అన్నారు. 1967లో అవయవ మార్పిడిని నరమాంస భక్షణతో పోల్చారు, 1980లో అది కూడా మనస్సాక్షికి సంబంధించిన విషయమన్నారు. మధ్యలో 13 ఏళ్లు! ఆ 13 ఏళ్లలో కిడ్నీ వద్దన్న విశ్వాసికి ఆ తర్వాతి కొత్త వెలుగు ఏం మేలు చేస్తుంది? రక్తమార్పిడి 1945లో నిషిద్ధమయ్యింది, 1961 నుండి దానికి శిక్ష బహిష్కరణ. 2000లో రక్తం నుండి వేరుచేసిన చిన్న భాగాలను మాత్రం మనస్సాక్షికి వదిలారు. ఎర్రకణాలు, ప్లాస్మా వంటి ప్రధాన భాగాలు ఎక్కించుకోవడం ఇంకా నిషిద్ధమే. విశ్రాంతిదినాన మేలు చేయడమా కీడు చేయడమా, ప్రాణం రక్షించడమా తీయడమా అని అడిగి, ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేసిన ప్రభువు (మార్కు 3:4) ఇక్కడ ఏమంటాడో ఆలోచించండి. బోధకుడు మాట మార్చుకోవడం తేలిక. ఆ మాట నమ్మి ప్రాణమిచ్చినవాడు తిరిగి రాడు.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ ప్రజల విశ్వాసనిష్ఠ చిన్నది కాదు. హిట్లర్ కాలంలో వేలాదిమంది చెరల పాలయ్యారు గాని ఆయనకు జైకొట్టలేదు. కేరళలో జాతీయగీతం ఆలపించలేదని, గౌరవంగా నిలబడినా, 1985లో బడి నుండి పంపేసిన ముగ్గురు పిల్లల పక్షాన 1986లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనస్సాక్షి స్వేచ్ఛ కోరే ప్రతి మైనారిటీకీ, మనకూ ఆ తీర్పు నీడ. 2023 అక్టోబరు 29న కేరళలోని కలమస్సేరిలో వారి సమావేశంలో బాంబులు పేలి ప్రాణాలు పోయినప్పుడు ఏ క్రైస్తవుడైనా కన్నీరు కార్చాల్సిందే. బోధను ఖండించడం వేరు, మనుషులను ద్వేషించడం వేరు. వారు మీ తలుపు తడితే ముఖం మీద తలుపు వేయకండి, మంచినీళ్లివ్వండి. మన నిరీక్షణకు హేతువును సాత్వికంతో చెప్పమన్నాడు పేతురు (1 పేతురు 3:15).

ఈ మధ్యకాలంలో మార్పులు మరింత వేగంగా వస్తున్నాయి. ప్రచారంలో గడిపిన గంటలు లెక్క చెప్పే నియమాన్ని 2023లో ఎత్తేశారు, పురుషులు గడ్డం పెంచుకోవచ్చన్నారు. బహిష్కరించినవారిని కూటాలకు ఆహ్వానించి క్లుప్తంగా పలకరించవచ్చని 2024లో అన్నారు. ఈ సడలింపులు మంచివే, సంతోషిద్దాం. కాని దశాబ్దాలుగా కన్నబిడ్డతో మాట్లాడని తల్లికి, ఆ ఆజ్ఞ దేవునిదా మనుషులదా అనే ప్రశ్న రాదా?

ఇప్పుడు మన ఇంటివైపు చూసుకుందాం. తేదీలు చెప్పే తెగులు వారొక్కరిదే కాదు. 1999 చివర్లో లోకం ముగిసిపోతుందని వణికిన పల్పిట్లు మనవే. బార్‌కోడ్‌లో, తర్వాత ఆధార్‌లో, కరోనా టీకాలో 666 ముద్రను చూపించి భయపెట్టిన ప్రసంగాలు మన కూటాల్లోనివే. ఆ ప్రసంగాలు తప్పని తేలాక వాటిని ఎవరైనా వెనక్కి తీసుకున్నారా? పైగా అడిగినవారి నోరు మూయించడానికి, అభిషిక్తుల జోలికి వెళ్లవద్దన్న కీర్తన 105:15 ఉండనే ఉంది! ఒక దైవజనుని మాటకు ఎదురుండని చోట, అతని లెక్కలు చూసేవారులేని చోట, అతని తర్వాత అతని కుమారుడే అన్న చోట, బోర్డు మీద ఏ పేరున్నా తెగులు ఒకటే.

వాక్యం దీనికి మందు చెబుతూనే ఉంది. ప్రవక్త యెహోవా నామమున చెప్పినది జరగకపోతే అతనికి భయపడనక్కరలేదంటుంది ద్వితీయోపదేశకాండము (18:22). ఆ దినము, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్నాడు ప్రభువు (మత్తయి 24:36). సాక్షాత్తు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్న బెరయవారిని లూకా ఘనులన్నాడు (అపొ.కా. 17:11). కాబట్టి మన పిల్లలు ఏ గుంపులో అడుగుపెట్టినా మూడు ప్రశ్నలు అడగడం నేర్పండి. ఇక్కడ నేను సందేహం అడిగితే ప్రేమతో జవాబిస్తారా? నాయకుడు తప్పు చేస్తే సరిదిద్దేవారు ఉన్నారా? ఇక్కణ్నుంచి వెళ్లిపోతే నా అమ్మానాన్నలు, స్నేహితులు నాకు మిగులుతారా? ఈ మూడింటికీ జవాబు లేదన్న చోట బైబిలు ఎంత దళసరిగా ఉన్నా అది బందిఖానాయే. ఈ ప్రశ్నలు మన సంఘాన్ని కూడా అడగనివ్వండి. హాస్టల్లో ఒంటరిగా ఉన్న బిడ్డకు వారానికొక్కసారైనా ఫోన్ చేసే సంఘముంటే, ఆ ఒంటరితనాన్ని వాడుకునేవారికి చోటుండదు.

ఇక ఆ నమ్మకమైన దాసుని ఉపమానాన్ని మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదవండి (మత్తయి 24:45–51). యజమాని అతనికి అప్పగించిన పని తోటిదాసులకు వేళకు అన్నం పెట్టడం. అతడు నమ్మకస్తుడా కాదా అని తేల్చేది యజమానుడే, అదీ ఆయన వచ్చినప్పుడు. ఆ లోపు ఏ మనిషీ, ఏ సభా తనకు తాను ఆ పట్టం కట్టుకోజాలదు. అదే ఉపమానంలో మరో దాసుడున్నాడు. యజమానుడు ఆలస్యం చేస్తున్నాడనుకుని అతడు తోటిదాసులను కొట్టసాగాడు. ఆలస్యమైన రాకడ మనుషుల్ని ఈ ఇద్దరిలో ఎవరో ఒకరిగా మారుస్తుంది, అన్నం పెట్టేవాడిగా, లేదా కొట్టేవాడిగా. ప్రభువు తప్పక వస్తాడు. ఎప్పుడన్న లెక్క మనకు అప్పగించలేదు. గిన్నె, గరిటె మాత్రం మన చేతికిచ్చి వెళ్లాడు.