ఒకే సైన్యంలో రెండు కొలతలు

1815 నాటి వాటర్లూ యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలతో ఆడేవాళ్ళకి ఎదురయ్యే చిక్కొకటుంది. ఏళ్ళ తరబడి రంగులేసుకున్న 1/72 ప్లాస్టిక్ సైనికుల పక్కన 28 మి.మీ. సైనికుల్ని నిలబెట్టవచ్చా?

170 సెం.మీ. మనిషి 1/72లో సుమారు 24 మి.మీ. ఉంటాడు. 28 మి.మీ. అన్నది నిష్పత్తి కాదు. చాలామంది తయారీదార్లు పాదాల నుంచి కళ్ళ దాకా కొలిచి చెప్పే ఎత్తు. పైగా వాటి తలలు, తుపాకులు మరీ లావు. పక్కపక్కన పెడితే మొదటివాడు పిల్లాడిలా కనిపిస్తాడు.

నేనైతే ఒక దళానికి ఒకే కొలత వాడతాను. రెండో కొలత దళాన్ని బల్లకి అవతలి కొసన ఉంచుతాను. బొమ్మల కింద అంటించే బేస్ సైజు మాత్రం అన్నిటికీ ఒకటే. చాలా ఆటల్లో దూరాలు కొలిచేది బేస్ నుంచే. మన భాషలో చెప్పాలంటే, ఇంటర్‌ఫేస్ మారనంతవరకూ లోపల కోడ్ ఎవరిదైనా ఫరవాలేదు. పాత సైన్యాన్ని అటకెక్కించకండి!