శంఖంలో పోస్తేనే తీర్థం!

టెలిఫోన్‌ను గట్టెక్కించిన పెద్దమనిషి ఎవరో మీకు తెలుసా? గ్రాహంబెల్ అన్నారా... సున్నా మార్కులు! ఆయన కనిపెట్టాడంతే. నలుగురి కళ్లలో పడేసింది బ్రెజిల్ చక్రవర్తి రెండో పెడ్రో. 1876 జూన్ 25, ఆదివారం. ఫిలడెల్ఫియాలో బ్రహ్మాండమైన ఎగ్జిబిషన్. బెల్‌గారి బల్ల ఎక్కడో మూలన, చదువుల విభాగంలో. ఉక్కకు వాడిపోయిన న్యాయనిర్ణేతలు ఇక చాలించి పోదామని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు చక్రవర్తి బెల్‌ను గుర్తుపట్టి పలకరించాడు. బోస్టన్‌లో బధిరుల బడి చూడ్డానికి వెళ్లినప్పటి పరిచయం. రాజుగారు ఆగితే జడ్జీలు కదులుతారా? తీగకు అవతలి కొసన బెల్ 'హామ్లెట్' చదివాడు, ఇవతల చక్రవర్తి విని తెల్లబోయాడు. అప్పటికి రాంగ్ నంబర్ అనే బెడద కూడా లేదండోయ్!

ఆ తర్వాత బెల్ ఎవరి గుమ్మం తొక్కాడో తెలుసా? 1878 జనవరిలో సాక్షాత్తూ విక్టోరియా మహారాణి గుమ్మం! ఒక చక్రవర్తి, ఒక మహారాణి. ఇంకేం కావాలి, గంట మోగింది.

ఈ కిటుకు బెల్ కంటే వందేళ్ల ముందే ఒక కుమ్మరికి తెలుసని మీకు తెలుసా? ఇంగ్లండ్‌లో జొసయ్యా వెడ్జ్‌వుడ్ మీగడ రంగు పింగాణీ చేసేవాడు. 1765లో షార్లెట్ రాణి ఒక టీ సెట్టుకు ఆర్డరిచ్చింది. అంతే, ఆ పింగాణీకి 'క్వీన్స్ వేర్' అని పేరు మార్చేశాడు, తాను 'రాణిగారి కుమ్మరి' అయిపోయాడు. మట్టి అదే, కొలిమి అదే... మారింది పేరొక్కటే!

బంగాళదుంపకు బ్రాండ్ అంబాసిడర్ ఎవరో చెప్పుకోండి చూద్దాం. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ! దుంపంటే పశువుల మేత అని జనం మొహం తిప్పుకుంటుంటే, పార్మెంటియే అనే ఔషధ శాస్త్రవేత్త దుంప పూలు తీసుకెళ్లి రాజుకిచ్చాడట. రాజు కోటుకు పెట్టుకున్నాడు, రాణి మేరీ ఆంటోనెట్ తలలో తురుముకుంది. ఇంకో కథ ఇంతకన్నా తమాషా. దుంప చేనుకు పగలు సైనికుల కాపలా పెట్టి, రాత్రి తీసేసేవాడట. కాపలా ఉందంటే ఏదో విలువైనదేనని జనం దొంగిలించి మరీ నాటుకున్నారని చెబుతారు. దొంగలే డీలర్లు!

ఒక వంతెనకు ఏనుగులు ప్రచారం చేశాయని మీకు తెలుసా? న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన 1883లో తెరిచారు. వారం తిరక్కుండానే కూలుతోందన్న పుకారు లేచి, తొక్కిసలాటలో 12 మంది చనిపోయారు. జనం భయం పోగొట్టాలంటే ఎవరు నడవాలి? సర్కస్ యజమాని బార్నమ్ 1884 మే 17న ఏకంగా 21 ఏనుగుల్ని నడిపించేశాడు. ఆ వరసలో పేరుమోసిన జంబో కూడా ఉంది. వంతెనకూ ప్రచారమే, సర్కస్‌కూ ప్రచారమే!

పోప్ బొమ్మతో సారా ప్రకటన వచ్చిందంటే నమ్ముతారా? సారా కాదు లెండి, వైన్. కాకపోతే అందులో కోకా ఆకులు నానబెట్టేవారు. అవును, కొకైన్ వచ్చేది ఆ ఆకుల్లోంచే! పేరు 'విన్ మరియాని'. పదమూడో లియో పోప్ దానికి బంగారు పతకమిచ్చారు, పోస్టర్ మీదికీ ఎక్కారు. ఆ పరమపవిత్రమైన కిక్కు గురించి ఇంకేం మాట్లాడతాం.

మరి మనవాళ్ల సంగతి? అమృతాంజనం మొదట్లో ఎక్కడ పంచారో మీకు తెలుసా? సంగీత కచేరీల్లో! 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఏ జమీందారు సిఫార్సు కోసమూ చూడలేదు. రసికులు కూడే చోటికి వెళ్లి ఉచితంగా సీసాలు చేతిలో పెట్టారు. పెద్దమనిషిని వెతకడమెందుకు, హాలు నిండా పెద్దమనుషులే ఉంటే! (కచేరీ బాగా సాగితే తలనొప్పి, సాగకపోతే ఇంకా తలనొప్పి. మార్కెట్ సర్వే అంటే అదీ.)

జగదీశ్ చంద్రబోస్ తలనూనె మీద కథ రాశారని తెలుసా? 1896లో కలకత్తాలో 'కుంతలీన్' నూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. షరతు వినండి: కథలో నూనె పేరు రావాలి, కానీ ప్రకటనలా కనిపించకూడదు! బోస్‌గారు పేరు చెప్పకుండా పంపిన కథకే మొదటి బహుమతి. కథేమిటంటారా? సముద్రంలో ఒక సీసా నూనె పోస్తే తుపాను చల్లబడిపోతుంది. చుండ్రు ఒక లెక్కా?

రవీంద్రనాథ్ ఠాగూర్ సబ్బు ప్రకటనలో ఉన్నారనీ తెలియదా? గోద్రెజ్ సబ్బును మించిన విదేశీ సబ్బు తనకు తెలియదని విశ్వకవి కితాబిచ్చారు. నోబెల్ వచ్చినాయనతో ఎవరు వాదిస్తారు!

ఇక ఈ మొత్తం విశేషాల్లో నాకు మహా ఇష్టమైనది. నికిటా క్రుశ్చెవ్ పెప్సీకి మోడల్ అని మీకు తెలుసా? 1959 జూలైలో మాస్కోలో అమెరికా ప్రదర్శన. పెప్సీ అధికారి డొనాల్డ్ కెండాల్ ముందురోజు రాత్రి అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్‌ను పట్టుకుని, ఎలాగైనా సోవియట్ నేతను నా స్టాల్‌కు తీసుకురండి, లేకపోతే ఇంటికెళ్లి మొహం చూపించలేను అని మొరపెట్టుకున్నాడు. నిక్సన్ తెచ్చాడు. కెండాల్ రెండు రకాలు పెట్టాడు: అమెరికాలో చేసిన పెప్సీ, మాస్కో నీళ్లతో చేసిన పెప్సీ. క్రుశ్చెవ్ దేనికి ఓటేశాడో చెప్పాలా? మాస్కో నీళ్లకే! గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే కెమెరాలు క్లిక్ క్లిక్. పైసా పారితోషికం లేదు. నాలుగేళ్లకు కెండాల్ కంపెనీకే అధిపతయ్యాడు. 1972లో పెప్సీకి రష్యా తలుపులు తెరుచుకున్నాయి, బదులుగా వోడ్కా ఇటొచ్చింది. 1989లో వోడ్కా చాలక సోవియట్లు ఏమిచ్చారో ఊహించండి... 17 పాత జలాంతర్గాములు! తుక్కు కిందకేలెండి. అయినా కూల్‌డ్రింక్ కంపెనీకి జలాంతర్గాములేమిటండీ!

లక్స్ సబ్బుకు మన దేశంలో తొలి తార 1941లో లీలా చిట్నీస్. మరి తొట్టిలోకి దిగిన తొలి హీరో? 2005లో షారుక్ ఖాన్, గులాబీ రేకుల మధ్య! గట్టున మన శ్రీదేవితో పాటు హేమమాలిని, జూహీ చావ్లా, కరీనా. తువ్వాలు ఎవరు అందించారో తెలియదు.

1983 డిసెంబర్ 14న మారుతీ 800 తొలి తాళాలు ఎవరి చేతుల మీదుగా అందాయో తెలుసా? ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా. అందుకున్నది ఎవరో కోటీశ్వరుడు కాదు, లాటరీలో పేరొచ్చిన విమానయాన ఉద్యోగి. ఇక 1995 జూలై 31న దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ చేసింది బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఎత్తింది ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్. కమ్యూనిస్టు ముఖ్యమంత్రితో కార్పొరేట్ ఫోన్ ప్రారంభం!

బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్‌కు నైకీ బూట్లంటే ఇష్టమే లేదని మీకు తెలుసా? మనసంతా అడిడాస్ మీదే. నైకీ వాళ్లతో మాట్లాడటానికే రానంటే వాళ్లమ్మ పోరుపెట్టి విమానం ఎక్కించింది. 1985లో ఎయిర్ జోర్డాన్ వచ్చింది. మొదటి కొన్నేళ్లకు కలిపి 30 లక్షల డాలర్ల అమ్మకాలు జరిగితే గొప్పే అనుకున్నారు. తొలి ఏడాదే ఎంతో తెలుసా? 12.6 కోట్ల డాలర్లు! అమ్మ మాట వినండర్రా.

ఇల్లాలి మాట కూడా వినండి! బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్‌కు ఒక గ్రిల్ పంపి, పేరిస్తారా అని అడిగారు. ఆయన మూల పడేశాడు. ఆవిడ దాని మీద వండి బాగుందంది. 1999లో ఆ పేరు వాడుకునే హక్కు కోసం కంపెనీ చెల్లించింది 13.75 కోట్ల డాలర్లు. రింగులో తిన్న దెబ్బలకు ఇంత రాలేదు!

కంప్యూటర్ ఆవిష్కరణకు చిత్రకారుణ్ణి పిలిచిన కంపెనీ ఏది? కమొడోర్! 1985 జూలై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో 'అమిగా' పరిచయ సభ. వేదిక మీద ఆండీ వార్హోల్, ఎదురుగా గాయని డెబ్బీ హ్యారీ. మౌస్‌తో ఆమె బొమ్మకు రంగులు నింపుతున్నాడు. జనం ఆహా అంటున్నారు, తెర వెనక ఇంజినీర్లకు మాత్రం గుండె గొంతులోకొచ్చింది. ఎందుకంటే రంగు నింపే ఆ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ ఏ క్షణమైనా కుప్పకూలొచ్చు! కూలలేదు. 2014లో వార్హోల్ పాత ఫ్లాపీలు తెరిస్తే అమిగాలో వేసిన బొమ్మలు బయటపడ్డాయి. అందులో మూడు కళ్ల వీనస్ కూడా ఉంది. ముక్కంటి అంటే మనకు కొత్తా!

అయితే పెద్ద చెయ్యి పడితే చాలు, సరుకు అమ్ముడుపోతుందనుకుంటున్నారా? 1957లో ఫోర్డ్ కంపెనీ 'ఎడ్సెల్' కారు కోసం టీవీ షో పెట్టింది. బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాత్రా, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అందరూ వచ్చారు. షో అదిరింది, కారు మునిగింది. నష్టం దాదాపు 25 కోట్ల డాలర్లు! పేరు పెట్టమని అంతకుముందు మరియన్ మూర్ అనే పేరుమోసిన కవయిత్రిని కూడా అడిగారు. ఆమె సూచించిన ఒక పేరు 'యుటోపియన్ టర్టిల్‌టాప్'. కారుకు తాబేలు పేరా! కవుల్ని అడిగితే అంతే మరి.

ఒకప్పుడు టాటా వాళ్ల కొత్త కారుకు ఫుట్‌బాల్ వీరుడు మెస్సీ ప్రచారకర్త. కారు పేరు జికా. 2016 మొదట్లో ఆ కారు కంటే ముందు లోకమంతా తిరిగింది ఎవరో తెలుసా? జికా వైరస్! కారు పేరు టియాగోగా మారిపోయింది. మెస్సీ కూడా ఆపలేని గోల్ అది.

2012లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ టాబ్లెట్‌ను తెగ మెచ్చుకుంటూ ట్వీట్ చేసింది. ఎక్కడి నుంచో తెలుసా? యాపిల్ ఐప్యాడ్ నుంచి! 2013లో బ్లాక్‌బెర్రీకి క్రియేటివ్ డైరెక్టర్‌గా వేదికెక్కిన గాయని అలీషియా కీస్ ఖాతా నుంచి కొద్దిరోజులకే ఐఫోన్ ట్వీట్ వచ్చింది. ఎవరో హ్యాక్ చేశారంది. మనం నమ్మాం.

2014 జనవరిలో సామ్‌సంగ్ వంపు తిరిగిన టీవీని పరిచయం చేయడానికి హాలీవుడ్ దర్శకుడు మైకేల్ బే వచ్చాడు. ఎదురుగా చూసి చదవాల్సిన తెర మొరాయించింది. ఆయన క్షమించండి అని చెప్పి వేదిక దిగి వెళ్లిపోయాడు! టీవీ మాత్రం అక్కడే ఉంది, పాపం.

ఒక దశలో చిరంజీవి థమ్సప్ వైపు, తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీ వైపు అని గుర్తుందా? ఆ ఇంట్లో పండక్కి ఏం తాగేవారో! అదే కాలంలో, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన మన పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింక్ ప్రకటనకు ఠక్కున కుదరదన్నాడు. అడిగిన కంపెనీకి అది తొలి స్మాష్!

పెద్దాయన బొమ్మ అనుమతి లేకుండా వేసుకుంటే జరిమానా ఎంతో ఊహించండి. 2016లో జియో ప్రారంభ ప్రకటనల్లో ప్రధాని ఫొటో వచ్చింది. అనుమతి ఇవ్వలేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. 1950 నాటి చట్టం ప్రకారం అప్పటికి గరిష్ఠ జరిమానా అక్షరాలా 500 రూపాయలు!

ఇప్పుడు ప్రకటనలో నటించేవాళ్లకూ చట్టముందని తెలుసా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే తారకూ 10 లక్షల దాకా జరిమానా. మళ్లీ చేస్తే 50 లక్షలు! పైగా ఏడాది, ఆ తర్వాత మూడేళ్ల దాకా ప్రకటనల్లో కనిపించకుండా నిషేధం విధించొచ్చు. సరుకు సంగతి ముందే సరిచూసుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. కాబట్టి రేపు మీ కొత్త ఆవకాయ బ్రాండ్ ఆవిష్కరణకు పిలిచిన హీరోగారు, సంతకానికి ముందు ఓ ముద్ద తిని చూస్తానంటే నొచ్చుకోకండి. వేడన్నం, నెయ్యి సిద్ధంగా ఉంచండి!