పరిశోధనకు కొలబద్ద ఏది?

బియ్యమును తూచి యిత్తురు. బట్టను కొలిచి యిత్తురు. మరి పరిశోధనను దేనితో కొలువవలెను?

మన దేశమున వైద్య పరిశోధనకై 1911లో ఒక సంఘము ఏర్పడెను. అదియే 1949లో భారత వైద్య పరిశోధన మండలి యను పేరు దాల్చెను. ఈ మండలి క్రింద పెక్కు జాతీయ సంస్థలు గలవు. వానిలో పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న విభాగముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలెను. క్షయ పరిశోధన సంస్థ 1956లో చెన్నపట్టణమున వెలసెను. ఇవి ప్రజాధనముతో నడచుచున్నవి గనుక, ఏమి సాధించినవని అడుగు హక్కు ప్రజలకు గలదు.

శాస్త్రజ్ఞుడు తాను కనుగొనిన దానిని వ్యాసముగా వ్రాసి శాస్త్రపత్రికకు పంపును. తోటి శాస్త్రజ్ఞులు పరీక్షించి ఒప్పుకొనిన పిదపనే అది అచ్చగును. ఏటేట ఎన్ని వ్యాసములు అచ్చయ్యెనో లెక్కించుట మొదటి కొలత. ఇది సులభమే కాని, ఒక్క పనినే ముక్కలు చేసి నాలుగు వ్యాసములుగా వ్రాసినచో లెక్క పెరుగును, జ్ఞానము పెరుగదు.

అందుచే రెండవ కొలత వచ్చెను. ఒక వ్యాసమును ఇతరులు తమ వ్యాసములలో ఎన్ని మారులు పేర్కొనిరో చూతురు. ఇట్టి పట్టికను అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1960వ దశకమున వెలువరించెను. 2005లో హిర్ష్ యను భౌతికశాస్త్రజ్ఞుడు రెండు కొలతలను కలిపెను: పది వ్యాసములు ఒక్కొక్కటి కనీసము పది మారులు పేర్కొనబడినచో ఆ సూచిక పది. ఇందును లోపము కలదు. బీదదేశముల వ్యాధులపై పనిచేయువారు కొందరే. కావున పేర్కొనువారును కొందరే.

1959లో చెన్నపట్టణపు కేంద్రము ఒక వ్యాసమును ప్రకటించెను. క్షయరోగులలో కొందరిని శానిటోరియమున ఉంచి, కొందరికి వారి యిండ్లలోనే ఒక సంవత్సరము మందులిచ్చి చూచిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నున్నవారికిని గుణము ఇంచుమించు సమానముగానే కనబడెను. నాటినుండి క్షయరోగి ఇల్లు విడువకయే చికిత్స పొందవచ్చునను మార్గము ప్రపంచమున వ్యాపించెను. మొదటి లెక్కలో అది ఒక్క వ్యాసమే!

కావున వ్యాసములను లెక్కింపవలసినదే. లెక్కలేనిచో సోమరితనము దాగును. అయినను లెక్క ముగిసిన పిదప మరియొక ప్రశ్న వేయవలెనని మా మనవి: దీనివలన ఎవరి బాధ తీరెను? శాస్త్రము నభ్యసింపగోరు విద్యార్థులు ఈ ప్రశ్నను నేటినుండియే మరువకుందురు గాక.