ఊరు, వాడ, ఆఖరి బస్సు

బస్సుకో మెట్రోకో దగ్గరగా ఇరుకింట్లో ఉండాలా, ఊరవతల విశాలమైన ఇల్లు కట్టుకొని రోజూ కారులో వచ్చిపోవాలా? పట్నపు మధ్యతరగతి ఈ ప్రశ్నను ఇష్టాయిష్టాల వ్యవహారంగా చర్చించుకుంటున్నది. ఎక్కడ ఉండాలో ఎంచుకోగలిగినవాడికే ఇది ప్రశ్న. వాడ ఎక్కడుండాలో వాడ నిర్ణయించుకోలేదు, ఊరు నిర్ణయించింది. కాబట్టి దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మనకు సగమే అర్థమవుతుంది. ఆ దూరం దాటించే బండి ఎవరిది, అందులో ఎవరిని ఎక్కనిస్తరు అన్నది మిగతా సగం.

1929లో బొంబాయి ప్రభుత్వం అంటరానివారి ఫిర్యాదులపై వేసిన కమిటీ సభ్యుడిగా పర్యటిస్తూ అంబేడ్కర్ చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగారు. ఆయనను మహర్‌వాడకు తీసుకుపోవడానికి ఒక్క టాంగావాలా ఒప్పుకోలేదు. బండి కిరాయికిస్తరట, తోలరట! చివరికి తోలడం రాని మహర్ ఒకాయన పగ్గాలు పట్టాడు. వంతెన మీద చక్రం రాళ్ల సందులో ఇరుక్కుంది. అంబేడ్కర్ ఎగిరిపడ్డారు, కాలు విరిగింది. బారిష్టరు చదువు టాంగావాలా ముందు అక్కరకు రాలేదు. బండి సొంతదారు ఇష్టం మీద నడిచినంత కాలం ప్రయాణం కూడా కులం చేతిలోనే ఉంటుంది.

ఈ నేపథ్యంలో చూస్తేనే సర్కారు బస్సు విలువ తెలుస్తుంది. 1932లో నైజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. బస్సు కులాన్ని మాపిందని నేను అనను. దిగి హోటల్‌కు పోతే వేరే గ్లాసు ఉండనే ఉండేది. కానీ టిక్కెట్టు కొన్నంక పక్క సీటు ఎవరిదన్నది ఊరి పెద్దల చేతిలో లేకుండా పోయింది. వెట్టి చేసే మనిషికి ఇది చిన్న మాట కాదు.

జగిత్యాల చరిత్రలో మరో మలుపు ఉన్నది. 1978 సెప్టెంబర్ 7న జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్ 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటాల వేడికి దొరలు చాలామంది గడీలు ఇడిసి పట్నాలకు పోయిండ్రు. భూమి మాత్రం చాలాచోట్ల వాళ్ల పేరు మీదనే మిగిలింది. కారులో వచ్చి పొలం చూసుకొని పొద్దుగూకక ముందే వెళ్లిపోయే భూస్వామి ఇట్ల తయారైండు. మన దిక్కు శివారు నుంచి కారు ప్రయాణం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. అమెరికా పుస్తకాల్లో చెప్పే శివార్లకు దీనికి చుట్టరికం లేకపోలేదు. 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో నల్లవాళ్లకు ఇల్లు అమ్మలేదు. అక్కడ గోడ కట్టలేదు, దూరమే గోడ అయింది.

ఇక బీర్పూర్ సంగతి. 2016లో జగిత్యాల జిల్లా అయింది, బీర్పూర్ మండలమైంది. కొన్ని ఆఫీసులు దగ్గరికొచ్చినయి. పెద్ద దవాఖానకు, కలెక్టరాఫీసుకు మాత్రం సారంగాపూర్ మీదుగా జగిత్యాల పోవాల్సిందే. (జగిత్యాలకు రైలు కూడా వచ్చింది గాని, స్టేషన్ లింగంపేటలో. రైలు దిగినోడు మళ్లా ఆటో వెతుక్కోవాలె.) బస్సు ఆగే చోటు ఊరికి దగ్గర, వాడ వెనుక ఉంటే అక్కడి దాకా నడకే. బైకు ఉన్నోనికి ఇవన్నీ పట్టవు. ఆడపిల్లకు పట్టింపు. కాలేజీ అయినంక ఆఖరి బస్సు అందుతదా లేదా అన్న లెక్క మీదనే ఇంట్లో చదువు కొనసాగించుడా, బీడీలు చేయించుడా అన్నది తేలుతది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. కూలికి పోయే తల్లికి ఇది నిజంగా మిగులు. అయితే రాని బస్సులో ఉచితం దేనికి? 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు నడిచినప్పుడు సర్కారు బస్సు తగ్గితే ఎవరు ఆగిపోతరో అందరూ చూసిండ్రు.

అట్లని కారునో బైకునో తిట్టడం మన పని కాదు. 1893లో అయ్యంకాళి ఎద్దుల బండి కొని, తన కులానికి నిషేధించిన తిరువాన్కూరు బాటల మీద తోలిండు. 1955లో మాంట్‌గొమెరీ నల్లజాతి జనం 381 రోజులు సిటీ బస్సులు బహిష్కరించినప్పుడు వాళ్లను పనికి చేర్చింది సొంత కార్లే, కలిసి వాడుకున్న కార్లు. సొంత బండి ఆత్మగౌరవమే. కానీ 2011 జనాభా లెక్కల్లో దేశంలో కారో జీపో వ్యానో ఉన్న కుటుంబాలు 4.7 శాతమే. మిగతావాళ్ల ఆత్మగౌరవం బస్సు టైము మీద ఆధారపడి ఉన్నది.

అందుకే ఇళ్ల పథకాలను బస్సుతో కలిపి చూడాలి. 2023లో హైదరాబాద్ శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ప్రారంభమైనయి. ఇల్లు పక్కాదే. కానీ నగరం నడుమ బస్తీలో ఉండి నడిచిపోయి పాచిపని చేసే మనిషికి, అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లంటే రోజుకు ఎన్ని గంటల ప్రయాణం? ఆ రింగ్ రోడ్డు కారున్నోని కోసం వేసింది. కారున్నోడు శివారుకు ఇష్టపడి పోతడు, కారు లేనోన్ని శివారుకు పంపిస్తరు. రేపు మన మండలంలో ఇంటి స్థలాల పట్టాలు పంచేటప్పుడు గజాల లెక్కతో పాటు రెండు ప్రశ్నలు గ్రామసభ తీర్మానంలో రాయించాలె: అక్కడి నుంచి పొద్దుగాల మొదటి బస్సు ఎన్ని గంటలకు, రాత్రి ఆఖరిది ఎన్ని గంటలకు.