సముద్రపు ఒడ్డు ఎవరి సొత్తు?

గదికి, గొడుగుకి, కుర్చీకి హోటల్ డబ్బు తీసుకోవచ్చు. ఒడ్డున నడిచే హక్కు మాత్రం అందరిదీ. దాన్ని ఏ దేశం ఎలా కాపాడుకుందో చూడండి.

• గాలి, పారే నీరు, సముద్రం, దాని ఒడ్డు అందరివీ అని క్రీ.శ. 533లోనే రోమన్ చక్రవర్తి జస్టీనియన్ న్యాయగ్రంథం చెప్పింది. చలికాలంలో పెద్ద అల ఎందాకా వస్తే అందాకా ఒడ్డేనని హద్దు కూడా చెప్పింది.

• అమెరికాలోని ఒరెగాన్‌లో తడి ఇసుక 1913 నుంచే ప్రజా రహదారి. పొడి ఇసుక సంగతి ఎవరూ తేల్చలేదు. 1966లో కానన్ బీచ్‌లో ఓ మోటెల్ యజమాని ఆ ఇసుకకు దుంగలు అడ్డం పెట్టి, తన అతిథులు తప్ప ఎవరూ రాకూడదన్నాడు. జనం భగ్గుమన్నారు. మరుసటి ఏడాది గవర్నర్ టామ్ మెకాల్ హెలికాప్టర్‌లో తీరానికి వచ్చి, సర్వేయర్లను వెంటబెట్టుకుని, హద్దు ఎక్కడుండాలో ఇసుక మీదే చూపించారు. ఆ జులైలోనే బీచ్ బిల్లు చట్టమైంది. తరతరాల వాడుకే జనానికి హక్కు అని 1969లో రాష్ట్ర సుప్రీంకోర్టు ముద్ర వేసింది.

• హవాయిలో ఖరీదైన రిసార్టుల ముందున్న ఇసుక కూడా ప్రజలదే. మొలొకాయ్ దీవిలో హద్దు తగాదా వస్తే, 1968లో కోర్టు స్థానికుల సాక్ష్యానికి విలువిచ్చింది. అల ఎగబాకే చివరి గీత, అంటే పచ్చిక మొదలయ్యే చోటో, కొట్టుకొచ్చిన చెత్త ఆగే చోటో, అదే హద్దని తీర్పు చెప్పింది. ఇక తీరాన్ని కాపాడే ఖర్చు సంగతికొస్తే, అక్కడ గది అద్దె మీద రాష్ట్ర పన్ను 2026 జనవరి నుంచి 11 శాతం. పెంచిన భాగం పర్యావరణ రక్షణకు ఉద్దేశించింది.

• ఇటలీలో తీరాల్లో చాలాభాగం గొడుగుల వ్యాపారులకు లీజుకిచ్చారు. అయినా నీటి అంచున 5 మీటర్ల మేర ఎవరైనా నడవొచ్చు.

• గ్రీస్‌లో పరోస్ దీవి వాసులు 2023లో కుర్చీల ఆక్రమణపై ఉద్యమించారు. 2024 చట్టం ప్రకారం తీరంలో కొంత భాగాన్ని కుర్చీలు, గొడుగులు లేకుండా ఖాళీగా ఉంచాలి. ఐదు నక్షత్రాల హోటల్లో ఎండాకాలపు సీజన్‌లో గదికి రాత్రికి 15 యూరోల వాతావరణ రుసుం అదనం.



• మన దగ్గర బియాస్ నది ఒడ్డున ఓ మోటెల్ చేసిన ఆక్రమణపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీరాలు, నదులు, అడవులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనంది. విశాఖ రుషికొండ బీచ్‌కు 2023లో ప్రవేశ రుసుం ప్రతిపాదన వచ్చినప్పుడు జనం అభ్యంతరం చెప్పింది ఈ హక్కు కోసమే. శుభ్రతకు ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు పార్కింగ్‌లో, దుకాణాల అద్దెల్లో, హోటల్ పన్నుల్లో రాబట్టుకోవచ్చు. జేబులో రూపాయి లేనివాడికి కూడా సముద్రం దగ్గరికి దారి ఉండాలి.