తాతగారి పైపు: ఇంటిలో చేసుకొనదగిన మరమ్మతు

హాలియా దాటి నాగార్జునసాగరమునకు పోవు దారిలో నున్న పెద్దవూర నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. వారి తాతగారు సాగరు ఆనకట్ట పనిలో ఓవర్సీరుగా నుండిరట. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసినది మొదలు, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిన దినము దాక, ఎండలో గాని వానలో గాని ఆయన నోట ఒక కొయ్య పైపు ఉండెడిదట. ఆయన పోయిన పిమ్మట అది గూటిలో పడియున్నది. “మెడ చీలినది, మూతిగొట్టము నిలువక జారిపోవుచున్నది, నల్లని గొట్టము పచ్చబడినది. పారవేయుటకు మనసొప్పదు. బాగుచేయువారు మా చుట్టుపట్ల లేరు. ఏమి చేయవలెను?” అని వారి ప్రశ్న.

మన పల్లెలలో మట్టి చిలుము పగిలినచో కుమ్మరి యింట మరియొకటి దొరకును. దానిని అతికించు ప్రయత్న మెవరును చేయరు. కొయ్య పైపు సంగతి వేరు. దాని గిన్నెను, మెడను సాధారణముగా బ్రయర్ అను కొయ్యతో ఒకే ముక్కగా చెక్కుదురు. మధ్యధరా సముద్ర ప్రాంతములందు పెరుగు ఒక పొద యొక్క వేరుబుడిపె అది. నిప్పుసెగకు బాగుగా ఓర్చుకొనును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ నుండి ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ పట్టణము ఈ పనికి పేరుపడినది. మూతిగొట్టము తరచుగా ఎబొనైటుతో చేయబడును. రబ్బరులో గంధకము కలిపి వేడిచేయగా గట్టిపడిన పదార్థమది. మన రాజమహేంద్రవరపు రత్నం కలములకు పేరు తెచ్చినదియు ఈ ఎబొనైటే. కావున కలములు బాగుచేయు చేతికి పైపు బొత్తిగా కొత్తది కాదు.

ఇక మరమ్మతు. పెద్దవూర మిత్రుడు మూడు లోపములు వ్రాసినారు గాని, మొదటి రెండును నిజమునకు ఒక్కటే కావచ్చును. మెడ చీలినప్పుడు అందలి రంధ్రము విచ్చుకొనును. విచ్చుకొన్న రంధ్రములో గొట్టము నిలువదు. ఇది గమనింపక, గొట్టము వదులైనదని దాని కొసను లావుచేసి బిగించితిమా, చీలిక గిన్నె వరకు ప్రాకును. అప్పుడు మరమ్మతే పైపునకు చేటు తెచ్చును. అందుచేత ముందు శుభ్రము, పిదప మెడ, ఆ పిదపనే గొట్టము. ఈ వరుస తప్పరాదు.

గొట్టము ఊడదీయునపుడు గిన్నెను గాక మెడను పట్టుకొని, ఒకే వైపునకు మెల్లగా త్రిప్పుచు లాగవలెను. గిన్నెలో పేరుకొన్న నల్లని కిట్టమును మొండి మొనగల చాకుతో గీకవలెను. వాడి మొనయైనచో అడుగు గుంటపడును. కిట్టమంతయు తీయనక్కరలేదు. మిల్లీమీటరు మందము ఉండవచ్చును. అంతకు మించి పేరుకొన్నచో, వేడికి కొయ్యకంటె హెచ్చుగా ఉబ్బి గిన్నెను పగులగొట్టును. పిమ్మట చీపురుపుల్లకు దూది చుట్టి, స్పిరిటులో తడిపి, పొగదారిని దూది తెల్లగా వచ్చువరకు తుడువవలెను. స్పిరిటు ఉన్నచోట దీపముండరాదు. ఒకనా డంతయు ఆరనిచ్చి, మరునాడు తక్కిన పని మొదలుపెట్టుట క్షేమము.

మెడ చీలిక ముగియుచోటు భూతద్దముతో వెదకి, అక్కడ మిల్లీమీటరు బరమాతో సన్నని బెజ్జము వేయవలెను. చీలిక ఆ బెజ్జముతో ఆగును. పలుచని జిగురు చీలికలోనికి దింపి, దారముతో బిగించి కట్టి, ఆరనిండు. జిగురు రంధ్రములోనికి పోరాదు. తరువాత రోకలికి పొన్ను వేసినట్లు, మెడకొసకు సన్నని ఇత్తడి పొన్ను వేయవలెను. పొన్ను మెడకంటె వెంట్రుకవాసి ఇరుకుగా నుండవలెను. దానిని పటకారుతో పట్టి కొంచెము వేడిచేసినచో వ్యాకోచించి మెడ మీదికి ఎక్కును; చల్లారగనే ముడుచుకొని బిగియును. బండిచక్రమునకు కమ్మరి ఇనుపకమ్మి ఎక్కించు కిటుకు కూడ ఇదియే గదా!

ఇప్పుడు గొట్టము పెట్టిచూడుడు. పెక్కు పైపులలో ఇంతటితోనే అది సరిగా నిలుచును. ఇంకను వదులుగా నున్నచో, రంధ్రములోనికి దూరు కొసను, అనగా వడ్రంగులు కుసి యను భాగమును మాత్రమే, కొన్ని నిమిషములు మరుగునీటిలో ముంచవలెను. గొట్టమంతయు ముంచినచో దాని వంపు సాగిపోవును. ఎబొనైటు వేడి తగిలినపుడు తన తొలి రూపమునకు మరలును. మెత్తబడిన కుసి బెజ్జములోనికి, దానికంటె లేశమాత్రము లావైన నున్నని మేకును మెల్లగా నొక్కి, చల్లారువరకు కదలింపక ఉంచవలెను. ఒక్కసారిగా గాక, రెండు మూడు మారులుగా చేయుట మేలు.

ఇక మిగిలినది గొట్టపు రంగు. వెలుతురు సోకి ఎబొనైటులోని గంధకము పైకి తేలుట చేతనే ఆ పచ్చదనము. 400 మొదలు 2000 నెంబరు వరకు గల నీటి గరుకు కాగితములతో క్రమముగా తడిపి రుద్ది, గుడ్డతో మెరుగుపెట్టినచో నలుపు తిరిగి వచ్చును. కాని పొన్ను దాపున రుద్దునపుడు గొట్టమును మెడకు తగిలించియే ఉంచవలెను. లేనిచో అంచు గుండ్రబడి అతుకు ఎబ్బెట్టుగా కనబడును.

ఇట్లు బాగుపడిన పైపును మరల ముట్టింపుమని మాత్రము మేము చెప్పము. పైపు పొగను ఊపిరితిత్తులలోనికి పీల్చరు గనుక హాని లేదనుట పొరపాటు. పెదవికి, నోటికి, గొంతుకు కాన్సరు తెచ్చుటలో అది చుట్టకు తీసిపోదు. పైగా కొత్తగా వేసిన జిగురు మీదికి నిప్పుసెగ తగులుటయు మంచిది కాదు. ఈ పైపు చోటు ఇకమీదట గూడే.

కడపట ఒక మాట. గొట్టము మూతి దగ్గర రెండు చిన్న నొక్కులు కనబడును. అవి తాతగారి పంటి గుర్తులు. నొక్కులను కూడ నునుపుచేయవచ్చునని పనివా రెవరైన చెప్పవచ్చును, అది నిజమే. కాని అన్ని లోపములును లోపములు కావు. పన్నెండు ఏండ్లు ఆనకట్ట రాళ్ళ నడుమ తిరిగిన ఒక మనిషి గురుతు ఆ యింట మరి యెక్కడ ఉన్నదో మిత్రుడే ఆలోచించుకొనవలెను. గరుకు కాగితమును ఆ రెండు నొక్కుల కీవలనే ఆపుమని మా మనవి.