బిళ్ళ తళతళలాడితే సరా? తోమిందేమో చూడండి

మొన్న అవనిగడ్డ బస్టాండులో ఒక కుర్రోడు జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. పదకొండు మూలల బిళ్ళ, దేశపటం మీద జెండా ఉంటది చూడండి, అది. 1994ది. అద్దంలా మెరుస్తంది.

"చిల్లరలో వచ్చిందన్నా. ఇన్నేళ్ళయినా చెక్కు చెదర్లా. ఫోన్లో చూశా, రెండు లక్షలంట. ముందు రిజిస్ట్రేషన్ కింద రెండు వేలు కట్టమంటన్నారు" అన్నాడు.

కట్టావా అని అడిగా. ఇంకా కట్టలేదంట. చేపల చెరువు కాడ కాపలాకి పోయే పిల్లోడు. రెండు వేలంటే అతనికి ఎన్ని రాత్రుల నిద్రో లెక్కేసుకోండి.

ఆ బిళ్ళని ఎండకి ఏటవాలుగా పట్టి చూపించా. సింహాల జూలు అరిగి చదునైపోయింది. జెండా గీతలు కరిగిపోయినట్టున్నాయి. అంటే చాలా చేతులు మారింది. అట్టా తిరిగిన బిళ్ళ మీద పుట్టుమెరుపు మిగిలితే అక్షరాల సందుల్లో, బొమ్మ చాటున, చెయ్యి తగలని చోట మిగలాలి. దీనికేమో ఎత్తూ పల్లం తేడా లేకుండా అంతా ఒకటే మెరుపు. అరుగుదల ముసలిది, మెరుపు నిన్నటిది. ఎవరో తోమేశారు.

పుట్టుమెరుపు వేరే రకంగా ఉంటది. టంకశాలలో అచ్చు బలంగా పడ్డప్పుడు లోహం అంచు వైపుకి పారుద్ది. ఆ పారిన జాడలు కంటికి ఆననంత సన్నటి గీతలుగా నిలబడిపోతాయి. కొత్త బిళ్ళని దీపం కింద మెల్లగా వంచండి, వెలుగు బండి చక్రం ఆకుల్లాగా గిర్రున తిరుగుద్ది. తోమితే ముందు పోయేవి ఆ గీతలే. అప్పుడు ఎంత వంచినా వెలుగు తిరగదు, బిళ్ళంతా ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరిపోద్ది.

భూతద్దం ఉంటే ఇంకా తేలిక. గల్లాపెట్టెలో పడ్డ గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. పీచు పెట్టి తోమిన గీతలు జుట్టు పోగుల్లాగా గుంపుగా, ఒకే దిక్కుకో గుండ్రంగానో పోతాయి. అక్షరాల మొదళ్ళలో తోముడు పొడో, పాత నల్ల మట్టో ఇరుక్కుని ఉంటది, చుట్టూరా మాత్రం మెరుపు.

అయితే లోహమేదో తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 1992 నుంచి వచ్చిన చిన్న రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకుంటది. మన ఇంట్లో స్టీలు గిన్నె లాగే అది నల్లబడదు. హుండీలో ఇరవై ఏళ్ళు పడున్నా మెరుస్తానే ఉంటది, దాన్ని అనుమానించటం అన్యాయం. కుర్రోడి రెండు రూపాయలు అట్టా కాదు, అందులో రాగి 75 పాళ్ళు, నికెల్ 25 పాళ్ళు. చేతి చెమటకి బూడిద రంగుకి తిరుగుద్ది. రాగి బిళ్ళ సంగతి చెప్పక్కర్లా. మన ఉత్తర సర్కారుల కోసం కుంపిణీ వాళ్ళు 1794లో, 1797లో బర్మింగ్‌హామ్‌లో రాగి బిళ్ళలు కొట్టించారు, రూపాయికి 48 అని వాటి మీద ఇంగ్లీషులో ఉంటది. రెండొందల ఏళ్ళు దాటిన అట్టాంటి బిళ్ళ ఇవాళ గులాబీ రంగులో కనపడిందంటే చింతపండు పులుపు పైపొరని తినేసినట్టే.

బందరోళ్ళకి ఇవన్నీ నేను చెప్పాలా? చిలకలపూడి రోల్డ్ గోల్డు మధ్య పెరిగిన కళ్ళు. నగ ఎక్కడ ఒరుసుకుంటదో, కొక్కెం ఎక్కడ రాసుకుంటదో అక్కడే ముందు చూస్తారు మా ఆడోళ్ళు. పూత పూసిన బిళ్ళకీ అదే పరీక్ష. అంచు మీదా, బొమ్మ ఎత్తుల మీదా అసలు లోహం తొంగి చూస్తది.

నాగాయలంక వైపు ఒక మామ్మ దగ్గర ఐదో జార్జి వెండి రూపాయలు ఉండేవి, 1977 ఉప్పెన తర్వాత బురదలో దొరికిన పెట్టెలోవి. బొగ్గులా నల్లగా ఉండేవి. మనవడు వీడియో చూసి టూత్‌పేస్టు పెట్టి తోమేశాడు. వెండి ఎక్కడికీ పోలేదు, బిళ్ళకి 11.66 గ్రాముల బరువు, అందులో నూటికి 91.7 పాళ్ళు వెండే. కానీ పాత నాణేలు దాచుకునేవాళ్ళు ఇచ్చే అదనపు ధర పోయింది, కొట్టాయన తూకానికే కొంటానన్నాడు. మామ్మకి ఆ లెక్క పట్టలా. "ఇయ్యి మాయి కాదురా, ఎవరియ్యో తెచ్చావు" అని తీసుకోటానికే ఒప్పుకోలా.

మట్టి పట్టిన పాత బిళ్ళ దొరికితే మంచినీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. రుద్దొద్దు.

తోమినంత మాత్రాన బిళ్ళ చెల్లకుండా పోదు, అదీ చెప్పాలి. గుడివాడలో ఒక పచారీ కొట్టులో బాగా మెరుస్తందని పది రూపాయల బిళ్ళని దొంగదన్నారు. పదికి పద్నాలుగు రకాల బొమ్మలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. కొట్టాయన వినలా, కూలికెళ్ళొచ్చిన ఆవిడ ఉప్పు ప్యాకెట్టు అక్కడే పెట్టేసి పోయింది.

అదే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇంకో మాట కూడా చెప్పింది. పాత నోట్లూ నాణేలూ కొనిపెడతామని తమ పేరు చెప్పి ఫీజులూ కమీషన్లూ అడిగేవాళ్ళని నమ్మొద్దనీ, అట్టాంటి బేరాలతో తమకి సంబంధం లేదనీ. కుర్రోడికి ఇదీ చెప్పా. ఆ మెరుపు పుట్టుకతో వచ్చిందే అయినా రెండు లక్షలు రావు, కోట్ల కొద్దీ కొట్టిన బిళ్ళలవి. నిజంగా కొనేవాడెవడూ మన దగ్గర ముందు డబ్బులు అడగడు కదా.

కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత ఇద్దరం టీ తాగాం, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలా. చిల్లరలో ఆ బిళ్ళ కూడా కలిపేశాడు. టీ కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, గల్లాలో వెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.